అమ్మ వినగలిగిన కీర్తనలు

మా నాన్న పాస్టరు. చల్లపల్లి నుంచి కృష్ణ వైపు వెళ్ళే దారిలో, కాలువ గట్టున ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆయన గుడి. గుడిగోడకు ఆనుకునే మా పెంకుటిల్లు. సంఘంలో ఎక్కువమంది పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. నాట్ల రోజుల్లో ఆదివారం కూడా గుడి సగం నిండేది కాదు. అయినా ముందు వరసలో కూర్చున్న అమ్మకీ, అక్కకీ, నాకూ నాన్న నిండు సభకు చెప్పినంత శ్రద్ధగా వాక్యం చెప్పేవారు.

ఇంట్లో పొద్దు కీర్తనతోనే మొదలయ్యేది. అమ్మ పొయ్యి రాజేసి కాఫీకి నీళ్ళు పెడుతుంటే, నాన్న వరండాలో పీట వేసుకుని బైబిలు తెరిచేవారు. పక్కన అక్క కూర్చునేది. నేను ఇంకా దుప్పట్లోనే ఉండి వినేదాన్ని. దావీదు కీర్తనలని మేమందరం పిలిచే ఆ పాటలు యూదులవి. వాళ్ళ గుడిలో పాడుకుంటూ వచ్చినవి తరవాత మా గుళ్ళకూ వచ్చాయి. నాన్న చదువుకున్న రోజుల్లో కొంచెం హెబ్రీ భాష నేర్చుకున్నారు. కుడి నుంచి ఎడమకు సాగే ఆ అక్షరాలను ఒక్కోసారి వరండా మట్టి మీద పుల్లతో గీసి చూపించేవారు.

"వాళ్ళ పాటల్లో ప్రాస మాటల్లో ఉండదమ్మా, అర్థంలో ఉంటుంది" అనేవారు. "మొదటి సగంలో ఒక మాటంటారు. రెండో సగంలో దాన్నే ఇంకోలా అంటారు. ఒకరు పిలిస్తే ఇంకొకరు పలికినట్టు."

అందుకే ఆయన ఒక వరస కట్టారు. మన పొలాల్లో కలుపు తీసేవాళ్ళు ఎత్తుకునే పాటకు దగ్గరగా ఉండేది. మొదటి సగం నాన్న పాడేవారు, రెండో సగం అక్క. అక్కది తీపి గొంతు కాదు. కాస్త బరువైన, నిలకడైన గొంతు. అది మొదలవగానే అమ్మ వంటింట్లో చేస్తున్న పని ఆపేసేది. అమ్మకు పాట రాదు. గుళ్ళో కూడా పెదవులు కదిపేదే కాని గొంతెత్తేది కాదు. అక్క పాడుతుంటే మాత్రం చేతిలో గరిటె అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

ఆ పుస్తకానికి హెబ్రీలో ఉన్న పేరుకు స్తుతులు అని అర్థమట. నాన్న ఆ మాట చెప్పినప్పుడు నేను, "సగం పాటల్లో ఏడుపే కదా నాన్నా, వాటికీ స్తుతులనే పేరా?" అని అడిగాను. "దేవుడి దగ్గరికెళ్ళి ఏడవడం కూడా ఆయన ఉన్నాడని ఒప్పుకోవడమే కదా" అన్నారాయన. నాకు అర్థం కాలేదు. అక్క నవ్వి, "దీనికి ఏడుపు పాటలు వద్దులెండి నాన్నా, ఎగిరే పాట పాడదాం" అంది. ఎగిరే పాట అంటే మా ఇంట్లో ఆకాశాన్నీ, సముద్రాన్నీ, వడగళ్ళనూ, పశువులనూ, పాకే పురుగులనూ, ముసలివాళ్ళనూ, పిల్లలనూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి స్తుతించమని పిలిచే కీర్తన. అక్కకు అదంటే ప్రాణం.

ప్రత్యేకాంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు, విజయవాడలో ఇంటర్ చదువుతున్న అక్క హాస్టలు ఖాళీ చేసి ఇంటికొచ్చింది. అన్ని నెలలు వరసగా ఆమె ఇంట్లో ఉన్నది అప్పుడే. చదువు పోయిందని నాన్న బాధపడేవారు కాని, పొద్దున్నే ఆ రెండు గొంతులూ ఒకదాని వెంట ఒకటి వస్తుంటే ఆ బాధ ఎవరికీ గుర్తుండేది కాదు.

కాలేజీలు మళ్ళీ తెరిచాక అక్క తిరిగి వెళ్ళింది. ఆ ఏడాది చలికాలంలో కాలేజీ మేడమెట్లు ఎక్కుతూ ఆయాసంతో కూలబడిపోయిందని కబురొచ్చింది. నాన్నా నేనూ ఎర్ర బస్సులో బయలుదేరాం. హాస్టలు గదిలో అక్క మంచం మీద గోడకు జారబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదంది. చిన్నప్పుడు ఆమెకు తరచూ జ్వరం, మోకాళ్ళ వాపులూ వచ్చేవి. ఎదిగే పిల్లలకు వచ్చే నొప్పులే అనుకుని అమ్మ వావిలాకు కాపడం పెట్టేది. ఆ జ్వరాలే లోపల గుండెను తినేశాయని విజయవాడలో డాక్టరు చెప్పారు.

"వాల్వు ఇరుకైపోయిందండీ పాస్టరు గారూ. మద్రాసులో ఆపరేషను చేస్తారు. నేను రాసిస్తాను, వాళ్ళు పిలిచేదాకా ఆగాలి. ఈలోపు నెలనెలా ఇంజెక్షను, ఈ మాత్రలు. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు మొయ్యకూడదు, పరుగులు పెట్టకూడదు. ఆయాసం తెచ్చే పని ఏదీ వద్దు."

అక్క అడిగింది. "పాట పాడొచ్చా అండీ?"

ఆయన నాన్న వైపు చూసి, మళ్ళీ అక్కను చూశారు. "కొన్నాళ్ళు వద్దమ్మా. ఆపరేషను అయ్యాక ఎంతైనా పాడుకో."

అక్కను ఇంటికి తీసుకొచ్చేశాం. మర్నాడు పొద్దున నాన్న వరండాలోకి రాలేదు. గదిలోనే కూర్చుని బైబిలు చూసుకుంటున్నారు. అక్క గోడ పట్టుకుని మెల్లగా వచ్చి పీట వాల్చింది.

"రండి నాన్నా."

"వద్దులే తల్లీ. డాక్టరు గారు ఏమన్నారో విన్నావుగా."

"మీరు మీ సగం పాడండి. నేను నా సగం మనసులో అనుకుంటాను."

ఆ రోజు నుంచి అలాగే జరిగేది. నాన్న మొదటి సగం పాడి ఆగేవారు. అక్క పెదవులు మాత్రం కదిలేవి. ఆమె ముగించేదాకా ఆగి, నాన్న తరవాతి పాదం ఎత్తుకునేవారు. ఆ మధ్య ఖాళీలో పొయ్యిలో పుల్లలు చిటపటలాడటం వినిపించేది. అమ్మ ఆ ఖాళీని ఓర్చుకోలేకపోయేది. గిన్నెలు గట్టిగా పెట్టేది. ఒకరోజు నాతో, "పాట ఉన్నప్పటికంటే లేనప్పుడే ఎక్కువ వినపడుతోందే" అంది.

మద్రాసు నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తూ ఆ ఏడాది గడిచిపోయింది. అక్క ఒక్కోసారి బాగా ఉండేది, జడ తనే వేసుకునేది, నాకు లెక్కలు చెప్పేది. ఒక్కోసారి తలకింద రెండు దిండ్లు పెట్టినా నిద్రపోలేకపోయేది. సంఘం ఆడవాళ్ళు పొలం నుంచి వస్తూ వస్తూ మా గుమ్మం ముందు తలమీది గడ్డిమోపులు దించి, రెండు ముక్కలు ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు.

క్రిస్మసు అయిన తరవాత, చల్లపల్లిలో స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. కుంటివాళ్ళు నడిచారనీ, చూపు పోయినవాళ్ళకు చూపొచ్చిందనీ ఊరంతా చెప్పుకున్నారు. నాన్నకు ఆ కూటాలంటే ఇష్టం లేదు. ఆ సాయంత్రం ఆయన పక్క ఊళ్ళో ఒక పెళ్ళి జరిపించడానికి వెళ్ళారు. అమ్మ అక్క దగ్గర కూర్చుంది.

"ఒక్కసారి వెళ్ళొద్దామా తల్లీ? నా తృప్తి కోసం" అంది.

అక్కకు నమ్మకం ఉందని నేననుకోను. కాని అమ్మ ముఖం చూసి, "సరేలే, వెళ్దాం. రిక్షా పిలవండి" అంది. నేనూ వెంట వెళ్ళాను.

తాటాకు పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మైకు గరగరలాడుతోంది. అమ్మ అక్క చెయ్యి పట్టుకుని తోసుకుంటూ ముందుకు నడిచింది. ప్రసంగీకుడు అక్క తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. "నోరారా స్తుతించమ్మా. స్తుతించే గొంతులో రోగం నిలవదు. నీకిష్టమైన కీర్తన పాడు" అన్నాడు.

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. అక్క ఎగిరే పాట ఎత్తుకుంది. నాన్న సగం, తన సగం, రెండూ తనే పాడింది. మొదట గొంతు వణికింది. తరవాత ఏమయిందో, ఆ పాత బరువైన గొంతు మైకులోంచి పందిరంతా నిండిపోయింది. ఏడాది తరవాత వింటున్నాను. జనం చప్పట్లు కొడుతూ హల్లెలూయ అంటున్నారు. ఆయన "ఇంకా గట్టిగా" అన్నాడు. ఆమె ఇంకా గట్టిగా పాడింది.

రిక్షాలో తిరిగి వస్తూ అక్క అమ్మ భుజం మీద తల ఆనించి, "హాయిగా ఉందమ్మా" అంది. ఒగరుస్తూనే అంది. అమ్మ ఆ ఒగర్పును వినలేదు, మాటను మాత్రమే విన్నది. ఇంటికి రాగానే నాన్నతో, "మన పిల్ల పాడిందండీ! మొత్తం పాడింది!" అని చెప్పింది. నాన్న అక్క నాడి పట్టుకుని చూసి, మాత్రలు ఇచ్చారు.

ఆ వారం తిరక్కుండానే అక్కకు ఆయాసం ఎక్కువైంది. పెదవులు నీలంగా మారాయి. ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన వెంటనే తన కారు పంపించాడు. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో అక్క తల, కాళ్ళ దగ్గర నేను, ముందు నాన్న. బందరు కాలువ పక్కన రోడ్డు మీద కారు పోతుంటే, నాన్న తల తిప్పి తిప్పి చూస్తున్నారు. ఉయ్యూరు దగ్గరకు వచ్చేసరికి రోడ్డంతా చెరుకు బళ్ళు. చెరుకు ఆడే రోజులు. ఫ్యాక్టరీకి పోయే బళ్ళు ఎంత దూరం నిలబడ్డాయో చివర కనిపించడం లేదు. ఎద్దుల్ని విప్పేసి బళ్ళవాళ్ళు చెట్ల నీడన కూర్చున్నారు.

నాన్న కారు దిగి, పంచె ఎగ్గట్టి పరుగెత్తారు. "బాబూ, పిల్లకు ప్రాణం మీదికొచ్చింది, దారివ్వండి బాబూ" అంటూ ఒక్కొక్క బండి దగ్గరా చేతులు జోడించారు. ఆదివారం పూట గుళ్ళో వేదిక మీద నిలబడి అందరినీ దీవించే మా నాన్న అలా చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు. ఆ బళ్ళవాళ్ళు కూడా ఎంతో పాటుపడ్డారు. నిండు బళ్ళకు తామే భుజం పట్టి పక్కకు లాగారు. కారు బళ్ళ మధ్యనుంచి అంగుళం అంగుళం కదిలింది. గాలంతా చెరుకు మడ్డి తియ్యటి వాసన. ఆ వాసనలోనే అక్క ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది. తరవాత పీల్చలేదు. అమ్మ, "అమ్మాయ్, ఇంకాస్త దూరమే, ఇంకాస్త దూరమే" అని చెబుతూనే ఉంది.

అప్పటికీ విజయవాడ దాకా వెళ్ళాం. డాక్టరు చూసి, అమ్మ ముందు కూర్చున్నారు. అమ్మ పందిరి సంగతీ, పాట సంగతీ అంతా ఆయనకు చెప్పింది. "పాట వల్ల కాదమ్మా. ఆ వాల్వు ఎప్పుడో మూసుకుపోతూ వచ్చింది. ఇవాళ కాకపోతే ఇంకో నెలకు జరిగేది" అన్నారాయన.

అక్కను మా గుడి వెనకే పాతిపెట్టాం.

తరవాతి ఆదివారం నాన్న ఎప్పటిలాగే ఆరాధన మొదలుపెట్టారు. స్తుతి కీర్తన చదవడం మొదలయ్యీ కాకముందే అమ్మ లేచి గుళ్ళోంచి బయటికి వెళ్ళిపోయింది. అందరూ చూశారు. నాన్న ఒక్క క్షణం ఆగి, చదవడం పూర్తి చేశారు. ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది.

"నా బిడ్డ చేత ఆ పాట నేనే పాడించి చంపుకున్నానండీ."

"డాక్టరు గారు చెప్పారుగా, పాట వల్ల కాదని."

"చెప్పారు. నా చెవులు ఒప్పుకోవట్లేదు. స్తుతి అన్న మాట వినపడితే చాలు, ఆ పందిరి కనపడుతోంది. నేనింక గుళ్ళోకి రాలేనండీ. మీరు నన్నేమన్నా అనుకోండి."

నాన్న ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఆయన ఒక్క మాట నిందగా అంటారేమోనని నేను గుమ్మం బయట బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. బతికినన్నాళ్ళూ ఆయన ఆ మాట అనలేదు.

ఆ వచ్చే ఆదివారం నాన్న అమ్మను బతిమాలి గుడికి తీసుకొచ్చారు. ఆ రోజు స్తుతి కీర్తన చదవలేదు. పుస్తకమంతటిలోకీ కఠినమైన పాట ఒకటుంది. దేవుణ్ణి పిలిచి పిలిచి అలసిపోయినవాడి పాట. మిగతా ఏడుపు పాటలు చివరికి ఎక్కడో ఓదార్పు దొరికించుకుంటాయి, అది మాత్రం చీకట్లోనే ఆగిపోతుంది. నాన్న దాన్ని నెమ్మదిగా, ఏ వరసా లేకుండా చదివారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. లేచి వెళ్ళలేదు.

అప్పటినుంచి మా గుళ్ళో ఏడుపు కీర్తనలే చదివేవారు. అవి అయిపోతే మళ్ళీ మొదటినుంచి. పొద్దున వరండాలో పాటే లేదు.

ఒక రోజు మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని నాన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. కాలువ లాకుల దగ్గర, నీళ్ళు పడే హోరులో, ఆయన నిలబడి పాడుతున్నారు. ఎగిరే పాట. అమ్మకు వినపడకూడదని అంతదూరం వచ్చారు. మొదటి సగం పాడి ఆగుతున్నారు. నీళ్ళ వైపు చూస్తూ, అక్క సగానికి పట్టేంత సేపు ఆగి, మళ్ళీ ఎత్తుకుంటున్నారు. నన్ను చూసి కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"అమ్మతో చెప్పకమ్మా."

"అమ్మకు తెలుసు నాన్నా. లాకుల దగ్గరున్నారు, పాట అయ్యేదాకా పిలవకు అని తనే చెప్పింది."

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. నేనూ పక్కన కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది.

కోత పండుగ వచ్చింది. ఏడాది పంటలో మొదటి ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెచ్చి గుళ్ళో అర్పించే రోజు. కడుపునిండా స్తుతించే రోజు. ముందురోజు సంఘపెద్దలు ఇద్దరు వచ్చారు.

"అయ్యగారూ, రేపన్నా స్తుతి కీర్తన చదవండి. పండగ పూట ఏడుపేంటండీ? జనం బాధపడుతున్నారు."

"బాధపడటం న్యాయమేనయ్యా" అన్నారు నాన్న. "కాని స్తుతి చదివితే మా ఆవిడ గుళ్ళోంచి లేచిపోతుంది. ఆమె కూర్చోగలిగిన మాటలు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి. అవి చదువుతున్నాను."

"ఒక్కరి కోసం సంఘమంతానా అండీ?"

"నాకు మిగిలింది ఆ ఒక్కరూ, ఈ పిల్లానే కదయ్యా."

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అక్క పాడె మోసినవాళ్ళే. చాలాసేపు కూర్చుని, మజ్జిగ తాగి, ఏమీ తేలకుండానే వెళ్ళిపోయారు. పండుగ రోజున కూడా నాన్న ఏడుపు కీర్తనే చదివారు. గుమ్మడికాయల మధ్య నిలబడి ఆయన అది చదువుతుంటే కొందరు తల దించుకున్నారు, కొందరు విసుక్కున్నారు. ఎండాకాలంలో నాన్నకు బదిలీ అయింది. ఉయ్యూరు అవతల, చెరుకు తోటల మధ్య, ఇంకా చిన్న సంఘం. అమ్మ సామాను సర్దుతూ ఒక్కసారి కూడా గుడి వెనక్కి వెళ్ళలేదు. బండి కదిలాక మాత్రం, ఊరు దాటేదాకా వెనక్కి తిరిగే కూర్చుంది. ఉయ్యూరులో ఫ్యాక్టరీ ముందునుంచి పోతుంటే కళ్ళు మూసుకుంది.

కొత్త ఊళ్ళో మా సంగతి ఎవరో చెప్పే ఉంటారు. స్తుతి చదవని పాస్టరు వచ్చాడని మొదట నవ్వుకున్నారు. తరవాత్తరవాత, గుడికి రానివాళ్ళు కొందరు మా వరండాకు రావడం మొదలైంది. బిడ్డ పోయినామె, మొగుడు పోయినామె. అమ్మ వాళ్ళకు ధైర్యం చెప్పేది కాదు. అంతా దేవుడి చిత్తం అనేది కాదు. చాప వేసి, మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చునేది. కాసేపయ్యాక లోపలికి చూసి, "ఏవండీ, ఒకసారి వచ్చి అది చదవండి" అని నాన్నను పిలిచేది.

ఒకసారి చెరుకు రైతు భార్య ఒకామె వచ్చింది. హిందువులు. ఎదిగిన కొడుకు పాముకాటుకు పోయాడు. గుమ్మం దగ్గరే కూర్చుని, లోపలికి రానంది. నాన్న వచ్చి ఆ చీకటి పాటను మామూలు మాటల్లోకి మార్చి, వరసగా చెప్పుకుపోయారు. ఆమె మొదట ఎటో చూస్తూ విన్నది. కాసేపటికి చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. కొడుకు పోయినప్పటినుంచి ఆమెకు కంట తడి రాలేదని పక్కనున్న తోడికోడలు చెప్పింది.

తేరుకున్నాక ఆమె అమ్మను అడిగింది. "మీ దేవుడి మొహానే ఇట్టా అనొచ్చా అమ్మగారూ?"

"అనొచ్చు."

"కోపం రాదా ఆయనకి?"

అమ్మ ఆమె భుజం మీద జారిన కొంగు సర్దుతూ, "ఏమో తల్లీ" అంది. "నేనూ అంటూనే ఉన్నాను. ఇంతవరకూ ఆయనేమీ చెప్పలేదు."